కాంపాక్ట్ కెమెరాతో ఫొటోలు సరిగ్గా తీయడం: ఏ బటన్ ఎప్పుడు, ఏ వరుసలో

చిన్న డిజిటల్ కెమెరా వాడేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "ఆటోలో పెట్టి నొక్కుతున్నాను. ఒక ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది, ఆ పక్కనే తీసింది మసగ్గానో పసుప్పచ్చగానో వస్తుంది. ఎందుకలా?"

ఆటోలో ఉన్నప్పుడు కెమెరా మూడు విషయాలు ఊహిస్తుంది: ఎక్కడ ఫోకస్ చెయ్యాలి, ఎంత వెలుతురు తీసుకోవాలి, రంగులు ఎలా ఉండాలి. పట్టపగలు ఆరుబయట ఆ ఊహ చాలావరకు సరిపోతుంది. తప్పిన చోట సరిదిద్దడానికి ఒక్కోదానికి ఒక్కో బటన్ ఉంది. ఆ నాలుగైదు బటన్లు చేతికి అలవాటైతే చాలు, మెనూలో మిగతా వాటిని ముట్టుకోకపోయినా నష్టం లేదు.

బటన్ ఉండే చోటు మోడల్‌ని బట్టి మారుతుంది. గుర్తులు మాత్రం దాదాపు అన్ని కంపెనీల్లో ఒకటే: మెరుపు అంటే ఫ్లాష్, పువ్వు అంటే మాక్రో (మరీ దగ్గర నుంచి తీయడం), గడియారం లాంటిది సెల్ఫ్ టైమర్, ప్లస్ మైనస్ కలిసి ఉంటే ఎక్స్‌పోజర్ సవరణ (ఫొటోలో వెలుతురు పెంచడం, తగ్గించడం).

## 1. మొదట ఒక్కసారి చేసి పెట్టుకోవాల్సినవి

ఈ పని కూర్చుని తీరిగ్గా చెయ్యండి. ఫొటో తీయాల్సిన సమయంలో మెనూలో వెతుక్కుంటే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు.

- కార్డ్: పాత ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాక కార్డ్‌ని కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యండి. మరీ పాత కెమెరా అయితే అది ఏ రకం కార్డ్ తీసుకుంటుందో ముందే చూసుకోండి. ఎస్‌డీహెచ్‌సీ వరకే తీసుకునే కెమెరాకు 32 జీబీ దాకానే కొనాలి. 64 జీబీ, ఆపైన ఉండేవి ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు.
- సైజు, క్వాలిటీ: సైజు ఎల్, క్వాలిటీ ఫైన్. కార్డులో చోటు మిగులుతుందని చిన్న సైజు పెడితే, తర్వాత పెద్ద ప్రింట్ కావాలన్నప్పుడు చేసేదేమీ ఉండదు.
- ఆకారం: 4:3 ఉంచండి. ఎక్కువ కాంపాక్ట్‌ల సెన్సర్ (వెలుగును బొమ్మగా మార్చే చిప్) ఆకారం అదే. 16:9 పెడితే చాలా మోడల్స్‌లో పైనా కిందా కోత పడుతుంది.
- డిజిటల్ జూమ్: ఆఫ్. అది ఫొటో మధ్యభాగాన్ని కత్తిరించి సాగదీస్తుంది, అంతే. ఆ కత్తిరింపు ఇంటికొచ్చాక మీరే చేసుకోవచ్చు.
- తేదీ, సమయం: సరిగ్గా పెట్టండి. ఫొటో మీద తేదీ ముద్రించే ఆప్షన్ మాత్రం ఆపేయండి. తేదీ ఎలాగూ ఫైల్‌లో నమోదవుతుంది. బొమ్మ మీద పడిన నారింజ రంగు అంకెలు ఇక పోవు.
- గ్రిడ్ గీతలు: ఆన్. దిగంతం వాలిపోకుండా చూసుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు.
- ఫోకస్ దీపం: చీకట్లో ఫోకస్ దొరకడానికి కెమెరా ముందు వెలిగే చిన్న లైటు. మామూలుగా ఆన్‌లోనే ఉంచండి.

బ్యాటరీ సంగతి వేరే చెప్పాలి. చాలా కాంపాక్ట్‌లు ఒక ఛార్జికి 200 నుంచి 300 ఫొటోలకు మించి ఇవ్వవు. మాటిమాటికీ జూమ్, ఫ్లాష్ వాడితే, తెర ఎప్పుడూ వెలుగుతూ ఉంటే అంతకన్నా తగ్గుతుంది. చలిలో ఇంకా తగ్గుతుంది. అలాంటప్పుడు రెండో బ్యాటరీని లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోండి.

## 2. పట్టుకోవడం, సగం నొక్కడం

ఈ మొత్తంలో ఒక్కటే నేర్చుకుంటానంటే ఇది నేర్చుకోండి. మసక ఫొటోల్లో చాలావాటికి ఫిర్యాదు కెమెరా మీద ఉంటుంది, కారణం షట్టర్ బటన్‌ని ఒక్క దెబ్బలో నొక్కడం.

ముందు పట్టు. మణికట్టు తాడు వేసుకోండి. కుడి చేత్తో కెమెరా పట్టుకుని, ఎడమ చేత్తో కింద ఆనించండి. మోచేతులు పక్కటెముకలకు తగలాలి. చేతులు ముందుకు చాచి పట్టుకుంటే వణుకు ఎక్కువవుతుంది. గోడో స్తంభమో దొరికితే భుజం ఆనించండి. లెన్స్ మీదికి, ఫ్లాష్ మీదికి వేలు రాకుండా చూసుకోండి.

ఇక నొక్కే వరుస:

1. ఎవర్ని లేదా దేన్ని తీస్తున్నారో అది తెర మధ్యకు వచ్చేలా కెమెరా తిప్పండి.
2. షట్టర్ బటన్‌ని సగం వరకు నొక్కి అక్కడే ఆగండి. వేలికి చిన్న అడ్డు తగులుతుంది. బీప్ వినిపించి, చదరం ఆకుపచ్చగా మారితే ఫోకస్ కుదిరినట్టు.
3. వేలు వదలకుండా ఫ్రేమ్ మీకు కావలసినట్టు సర్దుకోండి.
4. మిగతా సగం మెల్లగా నొక్కండి. నొక్కాక కూడా క్షణం కదలకండి.

చదరం పసుపుగా లేదా ఎర్రగా మారినా, ఆకుపచ్చ లైటు కొట్టుకుంటున్నా ఫోకస్ దొరకలేదని అర్థం. కారణాలు సాధారణంగా మూడే. మరీ దగ్గరగా ఉన్నారు, లేదా ఎదురుగా గీతా అంచూ లేని సాదా గోడ లాంటిది ఉంది, లేదా చీకటి. దగ్గరైతే వెనక్కి జరగండి. మిగతా రెండు సందర్భాల్లో అంతే దూరంలో ఉన్న మరో వస్తువు అంచు మీద సగం నొక్కి, వేలు వదలకుండా తిరిగి రండి.

ఒక చిక్కుంది. సగం నొక్కినప్పుడు ఫోకస్‌తోపాటు వెలుతురు లెక్క కూడా అక్కడికక్కడే ఖాయమవుతుంది, చాలా కెమెరాల్లో. అందుకని ఎంచుకునే వస్తువు అంతే దూరంలోనే కాదు, అంతే వెలుగులోనూ ఉండాలి. నీడలో ఉన్న మనిషి కోసం ఎండలో ఉన్న చెట్టు మీద లాక్ చేస్తే మనిషి నల్లగా వస్తాడు.

సగం నొక్కడం వల్ల ఇంకో లాభం, ఆలస్యం తగ్గడం. "నేను నొక్కింది ఒకప్పుడు, ఫొటో పడింది ఇంకొకప్పుడు" అని విసుక్కునేవాళ్లకు మందు ఇదే. ఆలస్యంలో ఎక్కువ భాగం ఫోకస్ వెతకడానికే పోతుంది. అది ముందే చేసి పెట్టుకుంటే పూర్తిగా నొక్కగానే ఫొటో పడుతుంది.

ఉయ్యాల ఊగే పిల్లను తీయాలనుకోండి. ఎదురుగా నిలబడితే పిల్ల దూరం క్షణక్షణం మారుతుంది, ఫోకస్ నిలవదు. పక్కకు రండి. పక్కనుంచి చూస్తే ఉయ్యాల ముందుకెళ్లినా వెనక్కెళ్లినా మీకూ పిల్లకూ దూరం పెద్దగా మారదు. ఉయ్యాల తాడు మీదో పీట మీదో సగం నొక్కి పట్టుకోండి. ఉయ్యాల పైకెళ్లిన చివర్లో, కిందికి దిగబోయే ముందు, ఒక్క క్షణం దాదాపు ఆగుతుంది. జుట్టు గాల్లోనే ఉంటుంది, ముఖం మాత్రం కదలదు. ఆ చివరకు చేరడానికి వెంట్రుకవాసి ముందే నొక్కండి.

ఫోకస్ ఏరియా గురించి రెండు మాటలు. మనుషులకు ఫేస్ మోడ్ బాగా పనిచేస్తుంది. మిగతా వాటికి సెంటర్ పెట్టుకోండి. కెమెరాకే వదిలేసే బహుళ చదరాల పద్ధతి ఎక్కువగా దగ్గరున్న దాన్ని పట్టుకుంటుంది. కొమ్మల మధ్య ఉన్న పిట్టను తీయబోతే ముందున్న ఆకు స్పష్టంగా వస్తుంది.

## 3. ఆటో వదిలి పీ మోడ్‌కు రండి

డయల్ మీద పీ (P) అని ఉండే ప్రోగ్రామ్ మోడ్‌లో షట్టర్ వేగం (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలి), అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలి) కెమెరాయే చూసుకుంటుంది. మిగతావన్నీ మీ చేతిలో ఉంటాయి. పూర్తి ఆటోలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలన్న అంకె), వైట్ బ్యాలెన్స్ (రంగుల సవరణ), ఎక్స్‌పోజర్ సవరణ చాలా మోడల్స్‌లో అసలు అందవు. మెనూలో మసగ్గా కనిపిస్తూ ఊరిస్తాయి, అంతే. మీ కెమెరాలో పీ లేకపోతే ప్రోగ్రామ్ ఆటో లేదా మాన్యువల్ అని రాసి ఉన్నది చూడండి. కాస్త ఖరీదైన మోడల్స్‌లో ఏవీ (Av), టీవీ (Tv) అని గానీ, ఏ (A), ఎస్ (S) అని గానీ కనిపించేవి అపర్చర్, షట్టర్ వేగం మీరే ఎంచుకునే మోడ్‌లు.

సీన్ మోడ్‌ల గొడవ పెద్దగా పెట్టుకోకండి. పార్టీ, బీచ్, మంచు, ఆహారం అంటూ ఇరవై దాకా ఉంటాయి. చాలావరకు కింద చెప్పబోయే సెట్టింగ్‌లనే కలిపి కట్టిన పొట్లాలు. బాణసంచా మోడ్ మాత్రం నిజంగా పనికొస్తుంది. ఫోకస్‌ని దూరానికి కట్టిపడేసి, షట్టర్‌ని ఒకటి రెండు సెకన్లపాటు తెరిచి ఉంచుతుంది. దానికి ట్రైపాడ్ తప్పనిసరి.

## 4. వెలుతురు సరిదిద్దడం: ప్లస్ మైనస్ బటన్

కెమెరాకు ఎదురుగా ఉన్నది తెల్లటి గోడో నల్లటి గేదో తెలియదు. ఏది చూపించినా మధ్యస్థమైన బూడిద రంగు వెలుగుకు తీసుకురావాలని చూస్తుంది. అందుకే తెల్లబట్టలు మాసినట్టు, నల్ల కుక్క దుమ్ముకొట్టుకుపోయినట్టు వస్తాయి.

సవరణ మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు, మూడో వంతు మెట్లలో ఉంటుంది. మొదటి ప్రయత్నానికి ఈ అంకెలు వాడండి:

- ఫ్రేమ్ నిండా తెలుపు, ఇసుక, మంచు: ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1
- ఫ్రేమ్ నిండా నలుపు, ముదురు రంగు: మైనస్ 0.7
- మనిషి వెనక కిటికీ లేదా ఆకాశం: ప్లస్ 1, లేదా ఫ్లాష్
- సూర్యాస్తమయం రంగులు చిక్కగా రావాలంటే: మైనస్ 0.7
- చీకటి వేదిక మీద ఒక్కరి మీదే లైటు: మైనస్ 1

చివరి సందర్భంలో స్పాట్ మీటరింగ్ (ఒక్క చోటి వెలుతురునే కొలిచే పద్ధతి) ఇంకా మంచిది. చుట్టూ చీకటి ఎక్కువ కనబడి కెమెరా వెలుగు పెంచేస్తుంది, ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతుంది. స్పాట్ పెట్టి, మధ్య గుర్తును ముఖం మీద ఉంచి సగం నొక్కితే ముఖం వరకే లెక్క చూస్తుంది.

ఎటూ తేల్చుకోలేకపోతే కొంచెం ముదురుగా తీయడం మేలు. ముదురు భాగాన్ని తర్వాత కొంతవరకు వెలిగించవచ్చు. పూర్తిగా తెల్లబడిన చోట జేపెగ్‌లో ఏ వివరమూ మిగలదు.

ఎండలో తెర చూసి వెలుతురును అంచనా వెయ్యకండి, అది మోసం చేస్తుంది. హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) పెట్టుకోండి. గ్రాఫ్ కుడి గోడకు గుట్టగా ఆనుకుని ఉంటే తెలుపు దాటిపోయినట్టే.

## 5. ఐఎస్ఓ, షట్టర్ వేగం, జూమ్

వెలుతురు తగ్గితే కెమెరా దగ్గర రెండే దారులున్నాయి. షట్టర్‌ని ఎక్కువసేపు తెరవాలి, అప్పుడు మసక. లేదా ఐఎస్ఓ పెంచాలి, అప్పుడు రంగురంగుల చుక్కలు, నాయిస్. రెంటిలో ఏది భరించాలో మీరు చెప్పాలి. నా ఓటు చుక్కలకే. చుక్కలున్న ఫొటోలో మనిషి గుర్తుపడతారు, కదిలిన ఫొటో దేనికీ పనికిరాదు.

మామూలు కాంపాక్ట్‌లో ఉండే 1/2.3 అంగుళాల రకం సెన్సర్ సుమారు 6.2 x 4.6 మిల్లీమీటర్లు. 36 x 24 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం దీనికి దాదాపు 30 రెట్లు. అందుకే పెద్ద కెమెరాలు సునాయాసంగా వాడే ఐఎస్ఓ చిన్నవాటిలో చెల్లదు. ఈ సైజు సెన్సర్‌కు 100 నుంచి 400 వరకు హాయిగా వాడండి. 800 ఫర్వాలేదు. 1600 గత్యంతరం లేనప్పుడే. 13.2 x 8.8 మిల్లీమీటర్ల 1 అంగుళం రకం సెన్సర్ ఉన్న కెమెరా అయితే 1600 కూడా ధైర్యంగా పెట్టొచ్చు. ఆటో ఐఎస్ఓకు గరిష్ఠ పరిమితి పెట్టే ఆప్షన్ మీ మెనూలో ఉంటే పెట్టేసి మర్చిపోండి.

సగం నొక్కగానే తెర మీద కనిపించే షట్టర్ వేగాన్ని (1/30 అంటే సెకనులో 30వ వంతు) చూసే అలవాటు చేసుకోండి:

- కదలని వస్తువు, జూమ్ లేదు: 1/30 లేదా అంతకన్నా వేగం
- కూర్చుని కబుర్లాడుతున్న మనుషులు: 1/100
- పరిగెత్తే పిల్లలు, పెంపుడు జంతువులు: 1/250, ఇంకా వేగమైతే ఇంకా మంచిది

స్టెబిలైజేషన్ మీ చేతి వణుకునే ఆపుతుంది. ఎదుటివాళ్లు కదిలితే దానికి సంబంధం లేదు. ట్రైపాడ్ మీద పెట్టినప్పుడు దాన్ని ఆపేయడం మంచిది.

జూమ్ చేస్తే రెండు నష్టాలు కలిసొస్తాయి. ఒకటి, వణుకు పెద్దదై కనిపిస్తుంది. రెండోది చాలామంది గమనించరు: జూమ్ చేసేకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. వైడ్‌లో, అంటే జూమ్ లేనప్పుడు, ఎఫ్ 3.3 ఉండే లెన్స్ జూమ్ చివరకు ఎఫ్ 6.3 అయితే (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది), లోపలికి వచ్చేది దాదాపు పావు వంతే. అందుకని గదిలో జూమ్ చెయ్యకండి. రెండడుగులు ముందుకు నడవండి.

## 6. ఫ్లాష్

ఆటో ఫ్లాష్ అక్కర్లేని చోట వెలుగుతుంది, అవసరమైన చోట ఊరుకుంటుంది. ముందు దాన్ని ఆఫ్ చేసి, మీకు కావాల్సినప్పుడు మీరే ఆన్ చెయ్యండి.

చిన్న కెమెరా ఫ్లాష్ వైడ్‌లో 3 నుంచి 4 మీటర్ల వరకే అందుతుంది, జూమ్ చేస్తే ఇంకా తక్కువ. హాలు వెనక వరుసలో కూర్చుని వేదిక మీదికి ఫ్లాష్ కొడితే ముందు కూర్చున్నవాళ్ల తలలు మెరుస్తాయి, వేదిక నల్లగా మిగులుతుంది. అక్కడ ఫ్లాష్ ఆఫ్ చేసి ఐఎస్ఓ 800 పెట్టండి.

తప్పకుండా వెయ్యాల్సింది: మిట్టమధ్యాహ్నపు ఎండలో దగ్గరి మనుషులకు. కళ్ల కింద, ముక్కు కింద పడే నల్లటి నీడలు తేలికపడతాయి. టోపీ పెట్టుకున్నవాళ్లకు మరీ ముఖ్యం.

స్లో సింక్: వెనక దీపాల వెలుగు, ముందు మనిషి ముఖం రెండూ రావాలంటే ఇది. ఫ్లాష్ వెలిగిపోయినా షట్టర్ ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి కెమెరాను దేనికైనా ఆనించండి. ఎదుటివాళ్లను కూడా కాసేపు కదలొద్దని చెప్పండి.

రెడ్ ఐ: ఫ్లాష్ వల్ల కళ్లు ఎర్రగా పడకుండా చేసే ఆప్షన్. అసలు ఫ్లాష్‌కు ముందు ఒకటి రెండు సార్లు వెలుగుతుంది. ఫొటో అయిపోయిందనుకుని జనం ముఖాలు తిప్పేసేది సరిగ్గా అప్పుడే. ముందే చెప్పండి, లేదా ఈ ఆప్షన్ ఆపేసి ఎరుపును తర్వాత తీసేయండి.

రాత్రి ఫొటోల్లో గుండ్రటి తెల్లని బొట్లు తేలుతుంటే కెమెరా పాడైందని కంగారు పడకండి, దెయ్యాలని అంతకన్నా భయపడకండి. ఫ్లాష్ లెన్స్‌కు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఎదురుగా గాల్లో ఉన్న దుమ్ము, సన్నటి తుంపర వెలిగిపోతాయి. ఫ్లాష్ ఆపితే అవీ పోతాయి.

## 7. మాక్రో

పువ్వు గుర్తు నొక్కి, జూమ్‌ని పూర్తిగా వెనక్కి, అంటే వైడ్‌కు తెచ్చుకోండి. చాలామంది చేసే తప్పు ఇక్కడే: పువ్వు నొక్కి, మళ్లీ జూమ్ చేసి, ఫోకస్ కావట్లేదంటారు. వైడ్‌లో 1 నుంచి 5 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లనిచ్చే కెమెరా, జూమ్ చివర అర మీటరో ఇంకా ఎక్కువో దూరం అడుగుతుంది.

మరీ అంచున పెట్టి తీస్తే కెమెరా నీడే పడుతుంది. కాస్త వెనక్కి జరిగి తీసి, తర్వాత కత్తిరించుకోండి. సగం నొక్కాక మీ శరీరం ఒక్క సెంటీమీటరు ముందుకు ఊగినా ఫోకస్ తప్పుతుంది. మోచేయి దేనికైనా ఆనించి, వరసగా నాలుగైదు తీసుకోండి. పని కాగానే మాక్రో ఆపండి. ఆన్‌లో మర్చిపోతే దూరపు దృశ్యాలకు ఫోకస్ నత్తనడక నడుస్తుంది, కొన్ని మోడల్స్‌లో దొరకనే దొరకదు.

## 8. రంగులు: వైట్ బ్యాలెన్స్

ఆరుబయట ఆటో చాలు. పాతకాలపు పసుపు బల్బుల కింద టంగ్‌స్టన్, అంటే బల్బు గుర్తు పెట్టండి. మబ్బు రోజున ఫొటో నీలంగా, చల్లగా అనిపిస్తే మబ్బు గుర్తు. రెండు మూడు రకాల దీపాలు కలిసిన చోట కస్టమ్ ఎంచుకుని, అదే వెలుగులో తెల్ల కాగితం చూపించి సెట్ చెయ్యండి. గది మారగానే మళ్లీ ఆటోకు తేవడం మరవకండి.

## 9. టైమర్, బరస్ట్

2 సెకన్ల టైమర్ గ్రూప్ ఫొటోలకన్నా వణుకు తప్పించడానికే ఎక్కువ పనికొస్తుంది. చీకట్లో కెమెరాను బల్ల మీద పెట్టి, టైమర్ నొక్కి చెయ్యి తీసేయండి.

గ్రూప్ ఫొటోకు 10 సెకన్లు. నొక్కేటప్పుడు కెమెరా ముందు మీరు నిలబడకండి, ఫోకస్ మీ చొక్కా మీద పడుతుంది.

బరస్ట్‌లో, అంటే వరసగా ఫొటోలు తీసే మోడ్‌లో, ఎక్కువ కాంపాక్ట్‌లు మొదటి ఫ్రేమ్‌కే ఫోకస్ చేసి, మిగతావి అదే దూరంతో తీస్తాయి. అడ్డంగా కదిలే వాటికి బాగుంటుంది, మీ వైపు పరిగెత్తుకొచ్చే వాటికి కాదు.

## 10. ఏది తేడాగా వస్తే ఏం చెయ్యాలి

తీసిన వెంటనే ప్లేబ్యాక్‌లో జూమ్ చేసి కళ్ల దగ్గర చూడండి. చిన్న తెర మీద అన్నీ స్పష్టంగానే ఉన్నట్టు కనిపిస్తాయి.

- ఫొటో అంతా మసక: చెయ్యి కదిలింది. షట్టర్ వేగం చూడండి, ఐఎస్ఓ ఒక మెట్టు పెంచండి, జూమ్ తగ్గించండి.
- వెనకున్నది స్పష్టం, మనిషి మసక: ఫోకస్ తప్పింది. సెంటర్ పెట్టి ముఖం మీద సగం నొక్కండి.
- గోడ స్పష్టం, చేతులు మాత్రం మసక: మనిషి కదిలాడు. 1/250 కావాలి.
- అన్నీ పొగమంచులో ఉన్నట్టు: లెన్స్ మీద వేలిముద్ర. మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. చల్లటి గదిలోంచి బయటికొచ్చాక అయితే అది ఆవిరి, కొన్ని నిమిషాలు ఆగితే పోతుంది.
- అద్దం వెనక ఉన్నదాని మీద తెల్లటి మచ్చ: ఫ్లాష్ ఆపి, లెన్స్‌ని అద్దానికి దాదాపు ఆనించండి.
- నిన్న బాగానే ఉంది, ఇవాళ అన్నీ తెల్లగానో నీలంగానో వస్తున్నాయి: నిన్నటి సవరణ అలాగే ఉండిపోయింది. చాలా కెమెరాలు ఆపేసినా సెట్టింగ్‌ని గుర్తుంచుకుంటాయి.

ఆఖరి దానికి విరుగుడుగా, కెమెరాను సంచిలో పెట్టే ముందు ఇవి చూసుకోండి:

- ఎక్స్‌పోజర్ సవరణ 0
- ఐఎస్ఓ ఆటో
- వైట్ బ్యాలెన్స్ ఆటో
- మాక్రో, టైమర్, బరస్ట్ ఆఫ్
- మీటరింగ్ స్పాట్‌లో ఉంటే మామూలు పద్ధతికి
- లెన్స్ పూర్తిగా లోపలికి వెళ్లిందా లేదా. ఇసుక ఉన్న చోట వాడితే, ఆపే ముందే లెన్స్ గొట్టం చుట్టూ మెత్తటి బ్రష్‌తో దులపండి. ఒక్క రేణువు చిక్కుకున్నా లెన్స్ లోపలికి పోకుండా సగంలో ఆగిపోతుంది. అప్పుడు బలవంతంగా తొయ్యకుండా, కెమెరాను కిందికి వంచి మెల్లగా దులిపి మళ్లీ ఆన్ చేసి చూడండి. అయినా కదలకపోతే రిపేరుకు ఇవ్వండి.